మూత్రంలో ప్రోటీను పోతోందంటే ఏమిటి? కిడ్నీ జల్లెడ, పోడోసైట్లు, కెనడాలో మనవాళ్ళు చేయించుకోవాల్సిన పరీక్షలు

ల్యాబు రిపోర్టులో "ప్రోటీన్ 1+" అనో "ఏసీఆర్ 12" అనో కనిపిస్తే మనవాళ్ళలో కొందరు కంగారుపడి ఇంటికి ఫోను చేస్తారు. ఎక్కువమంది మాత్రం నొప్పేమీ లేదు కదా అని వదిలేస్తారు. గోదాముల్లో, ట్రక్కుల మీద, హోటలు వంటగదుల్లో పనిచేసేవాళ్ళకి డాక్టరు దగ్గరకి వెళ్ళడమంటే ఒక షిఫ్టు పోయినట్టే. అందుకని వాయిదా వేస్తారు. వాయిదా వెయ్యడానికి వీల్లేనిది ఈ విషయంలో ఏముందో చెప్పాలంటే కిడ్నీ లోపల ఉండే ఒక కణం గురించి చెప్పాలి. దాని పేరు పోడోసైట్. గ్రీకు భాషలో "పోడ్" అంటే పాదం. పాదాలున్న కణం అన్నమాట.

నేను డాక్టర్ని కాదు. కార్మికుల హక్కుల పనిలో తిరుగుతూ, రిపోర్టులు పట్టుకుని వచ్చేవాళ్ళతో కూర్చుని చదివి, తెలిసిన డాక్టర్లని అడిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మందు ఏది వేసుకోవాలో మీ డాక్టరు చెప్పాలి. డాక్టర్ని ఏం అడగాలో మాత్రం ఇది చదివితే తెలుస్తుంది.

జల్లెడ ఎలా ఉంటుంది

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. వాటిని గ్లోమెరులస్ అంటారు. వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు ముద్దగా చుట్టుకుని ఒక చిన్న గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది. రోజుకి దాదాపు 180 లీటర్ల నీరు రక్తంలోంచి వీటి గుండా వడకట్టబడుతుంది. అందులో దాదాపు అంతా మళ్ళీ ఒంట్లోకే పోయి, చివరికి లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా బయటికి వస్తుంది.

ఈ వడపోతకి మూడు పొరలున్నాయి. మొదటిది రక్తనాళం లోపలి గోడ, దానికి చిల్లులుంటాయి. రెండోది సన్నటి జిగురు పొర. మూడోది బయటి వైపు, పోడోసైట్ల పొర. ఒక్కో పోడోసైట్ ఆక్టోపస్ లాగా చేతులు చాపి రక్తనాళాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ చేతుల చివర వందల సన్న పాదాలు. పక్క కణం పాదాలు, దీని పాదాలు ఒకదాని మధ్యలోకి ఒకటి దూరి ఉంటాయి. మీ రెండు చేతుల వేళ్ళూ కలిపి పెట్టుకుని చూడండి, అలాగే. ఆ వేళ్ళ మధ్య సందు ఒక మిల్లీమీటరులో సుమారు 25 వేల వంతు ఉంటుంది. ఆ సందుకి అడ్డంగా ప్రోటీన్లతో అల్లిన సన్నటి తెర ఉంటుంది. నీరు, ఉప్పు, యూరియా, క్రియాటినిన్ ఈ తెర దాటి పోతాయి. రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీను దాటకూడదు.

ఆ తెరలో ముఖ్యమైన ప్రోటీను పేరు నెఫ్రిన్. ఫిన్లాండ్‌లో కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒళ్ళంతా వాపుతో, మూత్రంలో విపరీతంగా ప్రోటీను పోతూ ఉండేవాళ్ళు. వాళ్ళ జన్యువులు వెతుకుతూ కార్ల్ ట్రిగ్వాసన్ బృందం 1998లో నెఫ్రిన్‌ని పట్టుకుంది. అంతకుముందు చాలాకాలం అసలు జల్లెడ పని అంతా మధ్యలోని జిగురు పొరదే అనుకునేవారు. ఈ ఒక్క ప్రోటీను లేకపోతే మిగతా పొరలున్నా జల్లెడ నిలవదని అప్పుడు తేలింది. కిడ్నీ జబ్బుల్లో పోడోసైట్ల పేరు గట్టిగా వినపడడం మొదలైంది ఆ తర్వాతే.

పోడోసైట్లు జల్లెడగా నిలబడి ఊరుకోవు. తాము పట్టుకున్న రక్తనాళం బాగుండడానికి కావాల్సిన వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని కూడా అవే తయారుచేసి పంపుతాయి. ఎలుకల్లో పోడోసైట్లు ఆ పదార్థాన్ని తక్కువగా చేసేలా మారిస్తే కిడ్నీ చెడిపోతుందని 2003లో చూపించింది టొరంటోలో సూసన్ క్వాగిన్ బృందమే. అంటే పోడోసైట్ పాడైతే దాని కింద ఉన్న నాళం కూడా పాడవుతుంది.

పోయిన కణం మళ్ళీ రాదు

అసలు సంగతి ఇక్కడుంది. చర్మం గీరుకుపోతే కొత్త చర్మం వస్తుంది. పోడోసైట్ అలా కాదు. పెద్దయ్యాక అది దాదాపుగా విభజన చెందదు, ఒకటి రాలిపోతే ఆ చోటికి కొత్తది రావడం చాలా అరుదు. పుట్టినప్పుడు వచ్చినవాటితోనే బతుకంతా నెట్టుకురావాలి.

దెబ్బ తగిలినప్పుడు ముందు పాదాలు చదునైపోతాయి. వేళ్ళ మధ్య సందులు, తెర చెదిరిపోయి ప్రోటీను కారడం మొదలవుతుంది. ఈ దశలో కారణాన్ని తీసేస్తే పాదాలు మళ్ళీ నిలబడే అవకాశం ఉంది. దెబ్బ ఆగకపోతే కణమే ఊడి మూత్రంలో కొట్టుకుపోతుంది. అక్కడ నాళం బోసిపోయి, గిన్నె గోడకి అంటుకుని, మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన భాగం ఇక వడకట్టదు.

పనిచేసేవాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక. ఒక షిఫ్టులో పదిమంది చేసే పని ఉంది. ఇద్దరు మానేశారు. కంపెనీ కొత్తవాళ్ళని పెట్టదు, టార్గెట్ తగ్గించదు. మిగిలిన ఎనిమిదిమంది ఆ లోడంతా లాగాలి. కొన్నాళ్ళకి వాళ్ళలో ఇద్దరికి నడుం పోతుంది, ఆరుగురు మిగులుతారు. పోడోసైట్ల కథ అచ్చంగా ఇదే. ఒకటి ఊడితే పక్కవి సాగి ఆ ఖాళీని కప్పాలి, సాగినవి ఇంకా తొందరగా ఊడతాయి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు 2005లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, పోడోసైట్లు 20 శాతం లోపు పోతే కిడ్నీ తట్టుకుంది. 20 నుంచి 40 శాతం పోయేసరికి అక్కడక్కడా మచ్చలు కట్టాయి. 40 శాతం దాటాక గుత్తులు మొత్తంగా మచ్చకట్టి, కిడ్నీ పని పడిపోయింది. మొదట్లో ఎలాంటి కారణం వల్ల మొదలైనా, ఒక హద్దు దాటాక అది తనంతట తానే నడుస్తుంది.

ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. ఆకలి మందగించడం, వాంతులు, ఆయాసం లాంటివి వచ్చేసరికి చాలావరకు అయిపోయి ఉంటుంది. తొలిదశలో కిడ్నీ చెప్పే మాట ఒక్కటే, మూత్రంలో ప్రోటీను.

దెబ్బ ఎక్కడినుంచి వస్తుంది

అన్నిటికంటే పెద్ద కారణం షుగరు. షుగరు ఎక్కువైతే గుత్తిలో ఒత్తిడి పెరుగుతుంది, ఉన్న పోడోసైట్లు అతిగా సాగుతాయి. మన దక్షిణాసియా వాళ్ళకి తెల్లవాళ్ళ కంటే చిన్న వయసులో, తక్కువ బరువులోనే షుగరు వస్తుందని కెనడా డాక్టర్లకి బాగా తెలుసు. మనకే గుర్తుండదు. రాత్రి షిఫ్టు, మధ్యలో డబుల్ డబుల్ కాఫీలు, పొద్దున పడుకుని సాయంత్రం తినడం, ఇలా రెండేళ్ళు గడిస్తే 35 ఏళ్ళ మనిషికి షుగరు రావడం వింతేమీ కాదు. టైప్ 2 షుగరు తేలిన రోజే మూత్రం పరీక్ష కూడా చెయ్యాలి, ఎందుకంటే తేలేసరికే అది లోపల ఎన్నేళ్ళనుంచి ఉందో తెలీదు. బీపీ రెండో పెద్ద కారణం. షుగరు, బీపీ రెండూ ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

కొన్ని జబ్బుల్లో మన రోగనిరోధక శక్తే పోడోసైట్ల మీద పడుతుంది. మినిమల్ చేంజ్ డిసీజ్ అనేది పిల్లల్లో ఎక్కువ, పెద్దవాళ్ళలోనూ వస్తుంది. మామూలు మైక్రోస్కోపులో చూస్తే ఏమీ కనిపించదు, అందుకే ఆ పేరు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పాదాలన్నీ చదునై ఉంటాయి. ఈ జబ్బున్న చాలామంది రక్తంలో నెఫ్రిన్ మీదే దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయని 2024లో యూరప్ పరిశోధకులు పెద్ద ఎత్తున చూపించారు. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే ఇంకో జబ్బులో యాంటీబాడీలు పోడోసైట్ మీద ఉండే పీఎల్ఏ2ఆర్ అనే గుర్తుని పట్టుకుంటాయి. దీన్ని 2009లో కనిపెట్టారు, ఇప్పుడు రక్తపరీక్షలో చూసేస్తున్నారు. ఎఫ్ఎస్‌జీఎస్ అనేది మచ్చలు కట్టే రకం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, జన్యువుల నుంచి అధిక బరువు దాకా. జిమ్ముకి వెళ్ళే కుర్రాళ్ళు కండల కోసం వేసుకునే స్టెరాయిడ్ల వల్ల కూడా వచ్చినట్టు 2009లో న్యూయార్క్ డాక్టర్లు రాశారు. మా కుర్రాళ్ళు కొందరికి ఈ మాట చెప్తే నవ్వుతారు.

మన సూట్‌కేసుల్లో వచ్చే రెండు వస్తువుల గురించి గట్టిగా చెప్పాలి. ఒకటి తెల్లబడే క్రీములు. కేరళలో కొట్టక్కల్ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య మెంబ్రేనస్ జబ్బుతో వచ్చినవాళ్ళని పరిశీలిస్తే, అందులో నెల్-1 అనే అరుదైన రకం ఉన్నవాళ్ళు 15 మంది. వాళ్ళలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు వాడినవాళ్ళే. కారణం పాదరసం. రెండోది భస్మాలు, రసం కలిపిన నాటు మందులు. పాదరసం ఉన్న సంప్రదాయ మందులు వాడినవాళ్ళలో ఇదే రకం జబ్బుని వేలూరు సీఎంసీ డాక్టర్లు చూశారు. ఆ మందు ఆపేస్తే చాలామందికి తగ్గింది, అది మంచి కబురు. అందుకే డాక్టరు అడిగినప్పుడు ఊరినుంచి తెచ్చుకున్న పొట్లం సంగతి దాచకండి. కొండపిండాకు రాళ్ళకి వాడతారు, రాళ్ళ జబ్బు వేరు, ఇది వేరు.

ఒళ్ళునొప్పుల మాత్రలు మరో సంగతి. బరువులెత్తే పనిలో ఉన్నవాళ్ళు అడ్విల్, మోట్రిన్, అలీవ్, రోబాక్స్ ప్లాటినం చాక్లెట్లలా మింగుతారు. ఇండియానుంచి తెచ్చుకున్న వోవెరాన్, కాంబిఫ్లామ్ కూడా ఆ జాతివే. ఇవి ముఖ్యంగా కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి, చెమట పట్టి నీళ్ళు తాగనప్పుడు ఇంకా ప్రమాదం. అరుదుగా కొందరిలో పోడోసైట్ జబ్బే తెస్తాయి. టైలెనాల్ వేరు జాతి, మన డోలో, క్రోసిన్ లాంటిదే. కిడ్నీ తేడా ఉన్నవాళ్ళకి నొప్పికి సాధారణంగా దాన్నే చెప్తారు, మోతాదు దాటకుండా.

నురగ, వాపు

మూత్రంలో నురగ అందరికీ అప్పుడప్పుడు వస్తుంది. రోజూ వస్తూ, సబ్బు నురగలా నిమిషాల తరబడి పోకుండా ఉంటే పరీక్ష చేయించుకోవాలి. పొద్దున లేచేసరికి కళ్ళకింద ఉబ్బు, సాయంత్రానికి సాక్సు గుర్తు పడేలా కాళ్ళ వాపు, కారణం లేకుండా బరువు పెరగడం, ఇవి ప్రోటీను బాగా ఎక్కువగా పోతున్న గుర్తులు. రోజుకి మూడున్నర గ్రాములు దాటి పోతూ, రక్తంలో అల్బుమిన్ పడిపోయి, వాపు వస్తే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఎక్కువ. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెడితే, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 911కి ఫోను చెయ్యాలి. ఇలాంటి స్థితిలో టొరంటో నుంచి హైదరాబాదుకి గంటల తరబడి విమానంలో కూర్చునే ముందు డాక్టర్ని అడిగి తీరాలి. ఇండియా వెళ్ళి చూపించుకుంటాలే అని టికెట్టు కొనేవాళ్ళకి ఈ మాట.

పేరు పెట్టి అడగాల్సిన పరీక్ష

మామూలు పుల్ల పరీక్ష, అంటే మూత్రంలో ముంచే రంగు పట్టీ, కొద్దిగా పోయే ప్రోటీనుని పట్టలేదు. పీఆర్ మెడికల్‌లో చేసేది చాలావరకు ఇదే. "మెడికల్‌లో అంతా బాగుందన్నారు" అని షుగరున్న మనిషి ధీమాగా ఉండకూడదు. అడగాల్సింది యూరిన్ ఏసీఆర్. అల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి. ఒక చిన్న డబ్బాలో పొద్దున మూత్రం ఇస్తే చాలు, పరగడుపున ఉండక్కర్లేదు. దాంతోపాటు రక్తంలో క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ కూడా రాయమనండి. ఫ్యామిలీ డాక్టరు లేకపోతే వాక్-ఇన్ క్లినిక్ డాక్టరైనా, నర్స్ ప్రాక్టీషనరైనా రాస్తారు.

ఇక్కడి లెక్కలు చూసి మనవాళ్ళు బెంబేలెత్తిపోతారు. క్రియాటినిన్ 98 అని వచ్చిందని ఒకాయన రాత్రంతా నిద్రపోలేదు. కెనడాలో మైక్రోమోల్‌లో ఇస్తారు, దాన్ని 88తో భాగిస్తే మన ఇండియా లెక్క వస్తుంది. 98 అంటే 1.1, మామూలే. షుగరుని 18తో గుణించాలి, అంటే ఇక్కడి 10 అక్కడి 180. ఏసీఆర్ ఇక్కడ మిల్లీగ్రాము పర్ మిల్లీమోల్‌లో ఉంటుంది. 3 లోపు మామూలు, 3 నుంచి 30 వరకు ఒక మోస్తరు, 30 దాటితే ఎక్కువ. షుగరున్నవాళ్ళ విషయంలో 2 నుంచే కన్నేసి ఉంచుతారు. ఇండియా ల్యాబు ఇచ్చే 30, 300 హద్దులు దాదాపు ఇవే, దాన్ని సుమారు 9తో భాగిస్తే ఇక్కడి అంకె వస్తుంది. పాత ఇండియా రిపోర్టులు పారెయ్యకండి. కొత్తగా వచ్చిన జబ్బా, మూడేళ్ళనుంచి ఉన్నదా అన్నది డాక్టరుకి అవే చెప్తాయి.

జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, అంతకుముందు రోజు ఒళ్ళు హూనమయ్యే పని, ఇవి ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఒక్కసారి చూసి నిర్ణయించరు. మూడు నెలల్లో మూడుసార్లు చేసి రెండుసార్లు ఎక్కువ వస్తేనే లెక్క. రెండో పరీక్షకి వెళ్ళకుండా ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

ఉద్దానం జబ్బు వేరు

శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఉద్దానంలో పెద్దవాళ్ళని పరీక్షిస్తే దాదాపు ప్రతి ఐదారుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు కనిపించింది. అక్కడి జబ్బు ఎక్కువగా జల్లెడ దగ్గర మొదలయ్యేది కాదు. వడకట్టిన నీటిని తిరిగి పీల్చుకునే గొట్టాల దగ్గర, వాటి చుట్టుపక్కల మొదలవుతుంది. పోడోసైట్లు తొలిదశలో బాగానే ఉంటాయి కాబట్టి మూత్రంలో ప్రోటీను తక్కువే, ఒక్కోసారి అస్సలుండదు. కాళ్ళ వాపు ఉండదు, షుగరు ఉండదు. కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, ఇలా చాలా చూస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు, ఊళ్ళకి మంచినీటి పథకం కూడా.

మీది ఆ ప్రాంతమైతే, ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరిగి ఉంటే, మూత్రం రిపోర్టు శుభ్రంగా వచ్చిందని సరిపెట్టుకోకండి. రక్తంలో క్రియాటినిన్ తప్పనిసరి. కెనడా డాక్టరుకి ఉద్దానం తెలియకపోవచ్చు. "మా ప్రాంతంలో కారణం తెలియని కిడ్నీ జబ్బు ఎక్కువ" అని మీరే చెప్పాలి.

కణాల్ని కాపాడే మందులు

ప్రోటీను కనిపించగానే డయాలసిస్ అనుకుని ఏడ్చేవాళ్ళని చూశాను. మధ్యలో చాలా దూరం ఉంది, ఆ దూరాన్ని పెంచే మందులున్నాయి. రామిప్రిల్, పెరిండోప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి బీపీ మందులే అయినా గుత్తి లోపలి ఒత్తిడిని ప్రత్యేకంగా తగ్గిస్తాయి, పోడోసైట్ మీద లాగుడు తగ్గుతుంది. బీపీ మామూలుగా ఉన్నా ప్రోటీను పోతుంటే ఇవ్వడం అందుకే. "నాకు బీపీ లేదు, ఈ మాత్ర ఎందుకు" అని ఆపేయకండి. రామిప్రిల్ మీద పెద్ద అధ్యయనం, హోప్, నడిచింది ఒంటారియోలోని హామిల్టన్ మెక్‌మాస్టర్ యూనివర్సిటీ నుంచే, సలీం యూసఫ్ ఆధ్వర్యంలో. 2000లో ఫలితాలు వచ్చాయి. షుగరున్నవాళ్ళలో గుండెపోటుతోపాటు కిడ్నీ చెడిపోవడం కూడా తగ్గింది. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్ళు ఈ జాతి మందుల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి, గర్భంలో ఇవి వాడకూడదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కొత్తవి. షుగరు మందులుగా వచ్చి కిడ్నీ మందులుగా స్థిరపడ్డాయి. ఇవి గుత్తిలో అతి వడపోతని తగ్గిస్తాయని 2014లో మనుషుల్లో చూపించింది టొరంటో డాక్టరు డేవిడ్ చెర్నీ బృందం. రోగనిరోధక శక్తి దాడిచేసే రకాలకి ప్రెడ్నిసోన్, రిటుక్సిమాబ్ లాంటి వేరే మందులుంటాయి, వాటికి ముందు చాలాసార్లు కిడ్నీ ముక్క తీసి చూస్తారు. బయాప్సీ అంటే భయం ఉంటుంది, కానీ ఏ రకమో తెలియకుండా మందు ఇవ్వడం ఇంకా చెడ్డది.

వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్ళు నిలవని రోజుల్లో ఈ రెండు జాతుల మందులూ, మెట్‌ఫార్మిన్, నొప్పి మాత్రలూ తాత్కాలికంగా ఆపమని ఇక్కడ షుగరు డాక్టర్లు చెప్తారు. ఏవి ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో ఒంట్లో బాగున్నప్పుడే ఫార్మసిస్టుతో రాయించుకోండి. ఇక ఉప్పు. ఆవకాయ, అప్పడం, ప్యాకెట్ నూడుల్స్ తగ్గించకపోతే పై మందులు సగం పనే చేస్తాయి. నీళ్ళు ఎక్కువ తాగితే కిడ్నీ "కడుక్కుపోతుంది" అన్నది మాత్రం ఉత్తమాట. నీళ్ళు ఊడిన పోడోసైట్‌ని తిరిగి అతికించలేవు. వాపు ఉన్నవాళ్ళకి ఎక్కువ నీళ్ళు చెరుపు కూడా.

కార్డు, ఇన్సూరెన్సు, పీఆర్ భయం

ఒంటారియోలో ఫుల్‌టైమ్ ఉద్యోగం, కనీసం 6 నెలలు ఒక యజమాని దగ్గర పని ఉన్న వర్క్ పర్మిట్ వాళ్ళకి ఓహిప్ వస్తుంది, మూడు నెలల ఆగుడు 2020 మార్చిలో తీసేశారు. బ్రిటిష్ కొలంబియాలో వచ్చిన నెల పోను ఇంకో రెండు నెలలు ఆగాలి. తక్కువ జీతం కోటాలో వచ్చిన తాత్కాలిక కార్మికులకి ఆ ఆగే కాలానికి అత్యవసర వైద్యం ఇన్సూరెన్సు యజమానే కట్టాలి, మీ జీతంలోంచి కోయకూడదు. ఒంటారియోలో విద్యార్థులకి ఓహిప్ ఉండదు, కాలేజీ ప్లానే. అందులో పాత జబ్బుల గురించి ఏం రాశారో చదవండి. ఏ కార్డూ లేనివాళ్ళని ఒంటారియోలో కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు చూస్తాయి. 811కి ఫోను చేస్తే నర్సు మాట్లాడతారు, తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు.

కార్డు లేకపోతే ఏమవుతుందో కోర్టు కాగితాల్లోనే ఉంది. గ్రెనడా దేశంనుంచి 1999లో వచ్చి కెనడాలో ఏళ్ళ తరబడి కష్టం చేసిన నెల్ టూసాంట్ అనే ఆమె కథ అది. కాగితాలు సరిగా లేవు. షుగరు, బీపీ అదుపు తప్పాయి. కిడ్నీ దెబ్బతిని, మూత్రంలో ప్రోటీను పోతూ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది. 2009లో ఫెడరల్ ఆరోగ్య పథకంలో చేర్చమని అడిగితే కాదన్నారు. 2010లో, 2011లో కోర్టులు కూడా కాదన్నాయి, ఆమె ప్రాణానికి ముప్పు ఉందని ఒప్పుకుంటూనే. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఆమె జీవించే హక్కుని కెనడా భంగపరిచిందని తేల్చింది. కెనడా ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోలేదు. ఆమె 2023 జనవరిలో చనిపోయారు. చవకైన మూత్రం పరీక్ష, చవకైన మాత్రలు సమయానికి అందాల్సిన జబ్బులే అవి.

మనవాళ్ళు పరీక్షకి వెనకాడడానికి అసలు కారణం వేరే ఉంది. ప్రోటీను ఉందని తెలిస్తే పీఆర్ పోతుందని భయం. చట్టం చూసేది ఖర్చుని. మీ వైద్యానికి ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చు ఒక గీత దాటితేనే "అధిక భారం" కింద అభ్యంతరం చెప్తారు. 2025లో ఆ గీత ఏడాదికి 27,162 డాలర్లు, ఐదేళ్ళకి 135,810. ఇది ఏటా మారుతుంది. డయాలసిస్ ఖర్చు దాన్ని సులువుగా దాటుతుంది. రామిప్రిల్ మాత్ర, ఏడాదికి నాలుగు రక్తపరీక్షలు దాని దరిదాపుల్లోకి కూడా రావు. జబ్బుని దాచి డయాలసిస్ దాకా తెచ్చుకోవడమే పీఆర్‌కి అసలు ప్రమాదం. శరణార్థులకి, స్పాన్సర్ చేసిన భార్యాభర్తలకి, వాళ్ళ పిల్లలకి ఈ నియమం వర్తించదు. అభ్యంతరం ఉంటే ముందు ఒక ఉత్తరం వస్తుంది, జవాబుకి 90 రోజులు ఇస్తారు. ఆ ఉత్తరం వచ్చిన రోజే లైసెన్సున్న లాయరు దగ్గరకి వెళ్ళండి, సలహాదారుణ్ణని చెప్పుకునే ఫేస్‌బుక్ మనిషి దగ్గరకి కాదు. మెడికల్‌లో అబద్ధం చెప్తే అది వేరే నేరం.

పని విషయానికొస్తే, ఒక ప్రావిన్సునుంచి ఇంకో ప్రావిన్సుకి తోలే ట్రక్కు డ్రైవర్లు ఫెడరల్ చట్టం కిందికి వస్తారు. వాళ్ళకి 2022 డిసెంబరు నుంచి ఏడాదికి 10 రోజుల వరకు జీతంతో సిక్ లీవు ఉంది. బ్రిటిష్ కొలంబియాలో 5 రోజులు. ఒంటారియోలో 3 రోజులు, అదీ జీతం లేకుండా, సిగ్గుచేటు. ఎక్కువకాలం పని చెయ్యలేకపోతే, 600 గంటల పని ఉన్నవాళ్ళకి ఈఐ సిక్‌నెస్ బెనిఫిట్ 26 వారాల వరకు వస్తుంది. 9తో మొదలయ్యే సిన్ నంబరున్నవాళ్ళు కూడా, అది చెల్లుబాటులో ఉంటే, పెట్టుకోవచ్చు. మీ జబ్బు పేరు సూపర్‌వైజరుకి చెప్పక్కర్లేదు. ఏ పని చెయ్యగలరో, ఎన్నిసార్లు క్లినిక్‌కి వెళ్ళాలో డాక్టరు కాగితం మీద ఉంటే చాలు.

అమ్మానాన్నల్ని సూపర్ వీసా మీద తెచ్చుకునేవాళ్ళు కనీసం లక్ష డాలర్ల ఇన్సూరెన్సు, ఏడాదికి, కొనాలి. పాలసీల్లో "స్థిరంగా ఉన్న పాత జబ్బు" అనే షరతు ఉంటుంది. ప్రయాణానికి ముందు ఇన్ని నెలల్లో మందు మోతాదు మారితే ఆ జబ్బుకి క్లెయిము ఇవ్వరు. నాన్నకి షుగరుంటే ఏసీఆర్, క్రియాటినిన్ ఊళ్ళోనే చేయించండి, మందు మార్చాల్సి వస్తే టికెట్టు కొనకముందే మార్పించండి, ఆ తర్వాత ఎన్ని నెలలు ఆగాలో పాలసీలో చూసి తారీఖు పెట్టుకోండి.